రాకాసి తోలులో మంగవ్వ

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి మాత్రమే భయపడేవాళ్లు అమాయకులు. భూత ప్రేత పిశాచగణాలకు నడిరేయి ఎంత ప్రీతికరమో, మనిషి నీడ వాడి కాళ్ల కిందే ముడుచుకుపోయే నడిపగలూ అంతే ప్రీతికరమని తెలిసినవాళ్లు చెబుతారు. పైగా ఆ రోజు ఆకాశంలో సూర్యుడే లేడు! అమీర్‌పేట మీద కాటుక పులిమినట్టు కారుమబ్బు కమ్ముకుంది. మెట్రో స్టేషన్లో దీపాలు పగలే వెలిగాయి. ఫెళఫెళమని ఒక ఉరుము... దాని వెనకే మధురానగర్ వైపు పోయే సందులో, ఓ పాత భవనం గోడ తొర్రలోంచి, పట్టపగలు, గుడ్లగూబ కూసింది!

ఆ కూత ఎవరూ వినలేదు. వినే తీరిక ఎవరికుంది? కోర్సుల బోర్డుల కింద కుర్రకారు గొడుగులు పట్టుకుని పరుగులు తీస్తున్నారు. ఆ భవనంలోనే పై అంతస్తులో గ్రాఫిక్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని, చాయ్ తాగుతూ రాక్షసులకు కొమ్ములు మొలిపిస్తున్నారు. తమ కాళ్ల కింద సెల్లార్లో అసలు రాకాసి ఒకటి పడుకుని ఉందని వాళ్లకు తెలియదు పాపం.

సెల్లార్ షట్టర్ దించి ఉంది. లోపల గచ్చు మీద పసుపుతో, కుంకుమతో, బొగ్గుపొడితో వేసిన భీకరమైన ముగ్గు. దాని నడిమధ్యన నిలువెత్తు మనిషిని మించిన రాకాసి వెల్లకిలా పడి ఉంది. నల్లటి ముడతల తోలు... చెవుల దాకా చీలిన నోరు... మోకాళ్లు దాటిన చేతులు... వేళ్ల చివర కొడవళ్లలాంటి గోళ్లు! దాని తల దగ్గర ఒక కపాలం. ఆ కపాలం కంటిగుంటల్లో ఆముదపు దీపాలు. ఆ వెలుగులో ఎర్రధోవతి కట్టి, నుదుట అరచేయంత కుంకుమ దిద్దుకున్న మాంత్రికుడు కామరాజు! అతని ఎదుట తడిబట్టలతో, చేతులు జోడించుకుని ఓదెలు.

ఓదెలుకు కావలసింది ఒక్కటే. చచ్చిపోయిన పెళ్లాం మంగవ్వ తిరిగి రావాలి.

ఓదెలుది సిరిసిల్లలో నేతపని చేసే ఇల్లు. మగ్గం మీద ఆడవలసిన చేతులు సినిమా పిచ్చి పట్టి హైదరాబాదు వచ్చాయి. మట్టి పిసికి బొమ్మ చేసి, దాని మీద అచ్చు తీసి, అచ్చులో రబ్బరు నురుగు పోసి ఉడికించి సినిమాలకు రాక్షసుల్ని తయారుచేశాయి. "నేనేం శిల్పిని గాదు, నేసెటోన్ని" అనేవాడు ఎవరైనా పొగిడితే. అందులో అబద్ధం లేదు. ఈ రాకాసి తల మీది వెంట్రుకలన్నీ ఒక్కొక్కటిగా సూదితో గుచ్చి నాటినవే. దాని కనుబొమలు లేవడానికి సైకిల్ బ్రేకు తీగలు బిగించి, ఆ తీగల కొసలు తన వేళ్లకు చుట్టుకునేవాడు. నోట్లోంచి కారే చొంగ కోసం మంగవ్వ సగ్గుబియ్యం గంజి కాచేది. "మనం తాగేటి గంజే దానికి బోస్తున్న, ఎంగిలైతది, జర ఆగు" అని ముందు ఓ గ్లాసు తీసి కూతురు బిందుకు తాగించి, మిగిలింది రాకాసికి పోసేది.

ఆ రబ్బరు తోలు లోపల దూరడానికి మొదట కండలు తిరిగిన మగాళ్లను పిలిచారు. ఆ ఉక్కకు వాళ్లు కళ్లు తేలేసి పారిపోయారు. చివరికి బక్కపలచని మంగవ్వే చీర గోచీ పెట్టి దూరింది. "పొయ్యి కాడ కూసునేదాన్ని, నాకేం ఉడుకు?" అంది. కనుబొమలు మొగుడి వేళ్లలో, ఊపిరి పెళ్లాం దగ్గర. ఆ ఊపిరిలోనే ఉంది మాయంతా! రెండు చిన్న ఊపిర్లు, తర్వాత ఒక పెద్దది... తెర మీద ఆ పొట్ట లేచి పడుతుంటే పిల్లలు తల్లుల కొంగుల్లో తల దూర్చేవారు. మంగవ్వ టికెట్ కొనుక్కుని హాలుకు పోయేది సినిమా చూడ్డానికి కాదు, ఆ కేకలు వినడానికి. తెర మీద ఆమె పేరు ఏనాడూ పడలేదు. "పేరెందుకయ్యా, గాళ్ల అరుపులు జాలవా?" అని మొగుణ్ని ఆటపట్టించేది.

రాకాసి తల తొడుక్కుంటే చెవులు మూసుకుపోతాయి. బయటి మాటలన్నీ గోడవతలి మాటల్లా ఉంటాయి. సుత్తితో కొట్టినట్టు పలికే మాట ఒక్కటే లోపలికి చేరుతుంది... 'కట్!' అది వినబడేదాకా మంగవ్వ కదలదు. వినబడగానే వీపు తిప్పి, మెడ వంచి నిలబడుతుంది. జిప్పు వెనక ఉంటుంది మరి. లోపలున్నవాళ్లకు చేయి అందదు. ఓదెలు వచ్చి లాగాలి.

కాలం మారింది. గ్రాఫిక్స్ వచ్చాయి, రాకాసిని అడిగేవాళ్లు పోయారు. కిందటేడు ఎండాకాలంలో ఓ కంపెనీ పిలిస్తే మొగుడూ పెళ్లాలిద్దరూ పండగలా బయలుదేరారు. పిలిచింది ఎందుకో అక్కడికి వెళ్లాక తెలిసింది. దీన్ని సినిమాలో చూపించరు. దీని మీద వెలుగు ఎలా పడుతుందో చూసుకుని, తర్వాత దీన్ని చెరిపేసి, ఆ చోట కంప్యూటర్ రాక్షసిని పెట్టుకుంటారు! అయినా మంగవ్వ చీర గోచీ పెట్టి దూరింది. రేకుల కప్పున్న సెట్టు, నిప్పులు చెరిగే లైట్లు. "చచ్చినట్టు పడుకోవాలమ్మా" అన్నారు. పడుకుంది. ఓదెలును జిగురు డబ్బా తెమ్మని వ్యాను దగ్గరికి పంపారు.

వెనకటి రోజులైతే డైరెక్టర్ కప్పు ఎగిరిపోయేలా 'కట్' అని అరిచేవాడు. ఇప్పటివాళ్లకు అరవడం నామోషీ. అందరి చెవుల్లో చిన్న చిన్న ఇయర్‌పీసులు. వాటిలో ఎవరో మెల్లగా "ఓకే, లంచ్" అన్నారు. అందరికీ వినపడింది, అందరూ వెళ్లిపోయారు. రాకాసి చెవిలో ఒకటి పెట్టాలని ఎవరికీ తోచలేదు. లైట్లు ఆర్పాలనీ తోచలేదు. 'కట్' అనే మాట కోసం చెవులు రిక్కించి, చచ్చినట్టు పడుకుని, మంగవ్వ చచ్చిపోయింది. ఓదెలు పరుగున వచ్చి జిప్పు లాగేసరికి మొహానికి ఆవిరి కొట్టింది.

అప్పటినుంచి ఓదెలు ఆ తోలును వదలలేదు. రోజూ సెల్లారుకు వచ్చి, దాని పక్కన కూర్చుని, జుట్టు చిక్కు తీసేవాడు. "గా తోలు పారెయ్ బాపూ, చూస్తెనే నాకు పాణం పోయినట్టయితది" అని బిందు ఎన్నిసార్లు ఏడ్చినా వినలేదు. పుండు మీద ఈగ వాలినట్టు, సరిగ్గా అప్పుడే వచ్చి వాలాడు కామరాజు.

పంజాగుట్టలో ఓ పాత అపార్టుమెంటు వెనక గది అతని నివాసం. క్షుద్రపూజ సీను తీసే ప్రతి సినిమాకూ అతనే సలహాదారు. కపాలం ఏ దిక్కు చూడాలో, నిమ్మకాయ ఏ చేత్తో కోయాలో చెప్పేవాడు. సినిమావాళ్లు అవసరానికి దండం పెట్టి, అతను వెనక్కి తిరగ్గానే కిసుక్కున నవ్వేవారు. ఆ నవ్వులన్నీ అతను కడుపులో దాచుకున్నాడు. వాళ్లకు తెలియనిది ఏమిటంటే, అతనికి నిజంగానే విద్య వచ్చు!

"నీ ఆలి ఎక్కడికీ పోలేదురా ఓదెలూ" అన్నాడు మొదటి రోజే. "పని ముగియక ముందే పోయిన జీవం పనిలోనే చిక్కుబడుతుంది. ఆమె ఈ చర్మంలోనే ఉంది. లేపమంటావా?"

లేపమన్నాడు ఓదెలు. అలా అడిగితే, మనసున్న ఏ మొగుడు వద్దంటాడు?

మళ్లీ ఉరిమింది. భవనం పునాదులు కదిలాయి!

కామరాజు కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. నల్లకోడి మెడ తెగింది. వెచ్చని నెత్తురు రాకాసి నుదుటి మీద బొట్టుబొట్టుగా రాలింది. "హ్రీం... క్రీం... ఉత్తిష్ఠ! ఉత్తిష్ఠ ప్రేతమా!" అతని గొంతు ఒక్కటే అయినా పదిమంది పలికినట్టు సెల్లారంతా మారుమోగింది. కరెంటు పోయింది. పై అంతస్తులో పిల్లలు "ఓ..." అని కేకలు పెట్టి నవ్వారు. కింద ఆముదపు దీపాలు గాలి లేకుండానే పడగలెత్తాయి. నిమ్మకాయ దానంతటదే రెండుగా చీలింది...

రాకాసి పొట్ట లేచింది!

పడింది. మళ్లీ లేచింది. రెండు చిన్న ఊపిర్లు... తర్వాత ఒక పెద్దది.

ఓదెలు దాని పక్కన మోకరిల్లాడు. ఆ ఊపిరి ఆయనకు తెలియక ఎవరికి తెలుసు! అరచేతిని దాని పొట్ట మీద ఆనించాడు. వెచ్చగా ఉంది. ఏడాదిగా లోపల గడ్డకట్టిందేదో కరిగి, సంతోషంతో ఆయన నవ్వాడు, ఏడ్చాడు.

"మంగా! నేనే... ఇటు సూడు, నేను ఓదెలును!"

తీగలు లాగేవాళ్లు లేకుండానే కనుబొమలు పైకి లేచాయి. గాజుకళ్లు ఆయన వైపు తిరిగాయి.

వికటాట్టహాసం చేశాడు కామరాజు. "లే!" అన్నాడు. రాకాసి లేచింది. దాని తల సెల్లార్ దూలానికి కొట్టుకుని పెచ్చులు రాలాయి. "ఓరి వెర్రివాడా! ఇది ఇక నీ ఆలి అనుకున్నావా? ఇది నా దాసి! చెప్పినచోట పడుకుని, చెప్పేదాకా కదలని ఇంత విధేయమైన ప్రేతం ఈ భూమండలంలో మరొకటి దొరకదు! నన్ను చూసి నవ్విన ప్రతివాడి పడకగదికీ దీన్ని పంపిస్తాను... కానీ తొలి బలి మాత్రం దీన్ని ప్రేమతో పిలిచినవాడిదే కావాలి! పట్టవే... పట్టు వాడి గొంతు!"

గోళ్ల చేతులు గాల్లోకి లేచి ఓదెలు మెడను చుట్టేశాయి!

ఓదెలు పెనుగులాడలేదు. ఈ చేతుల్లో పోవడం కన్నా తనకు కావలసింది ఏముంది? "కానియ్ మంగా..." అన్నాడు, వచ్చినంత గొంతుతో. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి బిగిసింది. అప్పుడు, ఆ రాకాసి మొహం తన మొహానికి ఆనుకున్నప్పుడు, రబ్బరు పెదవుల వెనక ఎక్కడో లోతునుంచి, సన్నగా, అలసిపోయిన ఒక గొంతు వినబడింది.

"ఏమయ్యా... ఉడుకుతున్ననయ్యా... ఇంకా కట్ చెప్పలేదా?"

ఓదెలు కళ్లు తెరిచాడు.

ఏడాది! ఆ రేకుల కప్పు కింద, ఆ లైట్ల మధ్యనే, మంగవ్వకు ఏడాదిగా అదే మధ్యాహ్నం. తాను పక్కన కూర్చుని మురిపెంగా జుట్టు దువ్వుతున్నప్పుడు ఆమె లోపల ఉడుకుతూ ఉంది. తాను ఆమెను పోనివ్వనని పట్టుకు కూర్చున్న ప్రతి పూటా ఆమె ఒక్క మాట కోసం ఎదురుచూస్తూనే ఉంది. చావుకు సిద్ధపడ్డ మనిషి గుండె అప్పుడు పగిలింది. ఆ మాట తానే చెప్పాలనుకున్నాడు. పెదవులు కదిలాయి గాని, ఆ పట్టులో గొంతు పెగల్లేదు.

గాజుకళ్లలో నీళ్లు ఊరాయి. పట్టు కొంచెం సడలింది. కామరాజు అది చూశాడు. ప్రేతానికి పాతమనిషి గుర్తొస్తున్నాడు! ఇక ఆలస్యం చేస్తే చేయి జారిపోతుంది. చివరి మంత్రం... బంధనం! అది వేస్తే జీవం ఆ తోలును యుగాంతం దాకా వీడలేదు. కపాలాన్ని రెండు చేతులతో పైకెత్తి, నరాలు తేలేలా, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"ప్రేతాన్ని కట్టు! చర్మాన్ని కట్టు! ప్రాణాన్ని... కట్టు!"

బయట ఉన్నవాళ్లకు అది కట్టు. మందపాటి రబ్బరు దాటి లోపలికి చేరేసరికి ఆ మాటకు తోక రాలిపోయింది.

'కట్!'

రాకాసి చేతులు జారిపోయాయి. ఓదెలు దగ్గుతూ గచ్చు మీద పడ్డాడు. రాకాసి ఒక అడుగు వెనక్కి వేసింది... మెల్లగా వీపు తిప్పింది... మెడ వంచి నిలబడింది.

కామరాజుకు ఏమీ అర్థం కాలేదు. ఎన్ని సినిమాలకు సలహాలు చెప్పాడో! ప్రతి సెట్టు మీదా కపాలం ఏ దిక్కు చూస్తోందోనని చూసుకున్నాడు గాని, 'కట్' అన్నాక రాకాసి ఏం చేస్తుందో, లోపలినుంచి ఎవరు బయటికొస్తారో ఒక్కనాడూ తలతిప్పి చూడలేదు. ఓదెలు లేచి తడబడుతూ ఆ వీపు దగ్గరికి నడిచి, జిప్పు మీద చేయి వేసినప్పుడు గాని అతనికి తెలిసిరాలేదు. తెలియగానే మాంత్రికుడి గ్రాంథికమంతా ఎగిరిపోయి పంజాగుట్ట బయటపడింది.

"తియ్యకన్నా! ఓ ఓదెలన్నా, జిప్పు తియ్యకు! తీస్తివా, పోతది! మల్ల ఏ మంత్రానికీ రాదు! నాకొద్దు, నువ్వే ఉంచుకో! దినాం నీ పక్కకు కూసుంటది, ఊపిరి తీస్తది, నీ దిక్కు సూస్తది... ఇంకేం గావాలె నీకు?"

అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఓదెలుకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఊపిరి చాలు. ఆ ఊపిరి పక్కన కూర్చుని మిగిలిన బతుకంతా వెళ్లదీయగలడు. చేయి జిప్పు మీదే ఆగిపోయింది. ఉంచుకోవాలని ఉంది... నిజంగా ఉంది! ఇంత ఆశ పడ్డందుకు ఆయన్ని తిట్టే హక్కు, ఎవరినీ పోగొట్టుకోనివాళ్లకు లేదు. జిప్పు పళ్ల సందుల్లోంచి ఆవిరి వచ్చి ఆయన వేళ్లను కాల్చింది.

"జల్ది తియ్యయ్యా" అంది లోపలి గొంతు, ఎప్పటిలాగే, కొంచెం విసుగ్గా.

"తీస్తున్న మంగా... తీస్తున్న" అన్నాడు ఓదెలు. మెడనుంచి నడుము దాకా జిప్పు లాగేశాడు.

లోపల ఎవరూ లేరు. ఒక వేడిగాలి మాత్రం బుస్సున బయటికి వచ్చింది. చెమట, కొబ్బరినూనె, రబ్బరు కలిసిన వాసన. అది ఆయన చెంప పక్కనే ఆగింది. హమ్మయ్య అని ఎవరో నిట్టూర్చినట్టయింది.

"షాట్ మంచిగొచ్చిందా?"

ఆ షాట్ ఏ సినిమాలోనూ లేదు. దాన్ని చెరిపేసి, మీద ఏదో అంటించి, జనానికి చూపించేశారు. ఓదెలు హాలుకు పోయి చూసి వచ్చాడు కూడా. అక్కడ ఎవరూ అరవలేదు.

"మస్తొచ్చింది మంగా" అన్నాడు. "హాలంత లేసి ఒకటే అరుసుడు. పిల్లలైతే కుర్సీల కిందికి దూరిన్రు."

"గట్లనా..." అంది. నవ్వింది. ఆ నవ్వు షట్టర్ కింది సందులోంచి వానలోకి వెళ్లిపోయింది.

ఇక కట్టు మిగిలింది! ముమ్మారు పలికిన బంధనం ఉత్తచేతులతో తిరిగిపోదు. కట్టవలసిన జీవం దొరక్కపోతే పలికిన నోటినే వెతుక్కుంటుంది. కుప్పకూలవలసిన ఖాళీ తోలు కూలలేదు. మెల్లగా కామరాజు వైపు తిరిగింది. అతను వెనక్కి వెనక్కి జరిగాడు. చేతిలోంచి జారిపడ్డ కపాలం అతని మడమ కింద పగిలింది. "కాదు... నేను గాదు... వద్దు!" రాకాసి చేతులు రెండూ చాచుకుని అతణ్ని కౌగిలించుకున్నాయి. తోలు అతని మీదుగా పాకి, కాళ్లు కప్పి, ఛాతీ కప్పి, మొహం కప్పి... సర్రుమని జిప్పు దానంతటదే మూసుకుంది!

"ఉడుకుతున్న! ఓదెలన్నా, తియ్... తియ్!"

లోపలున్నవాడు శత్రువన్న మాట ఓదెలుకు తోచనేలేదు. ఆ తోలులో ఇంకొక మనిషి పోవడం ఆయన చూడలేడు. పరుగున పోయి జిప్పు పట్టుకున్నాడు. కదల్లేదు. రబ్బరు కోసే కత్తి తెచ్చి, తన చేతులతో కుట్టిన ఆ వీపును, తానే నిలువునా చీల్చాడు. నాటిన వెంట్రుకలు గుత్తులుగా ఊడిపడ్డాయి. పొట్ట చీలింది, మొహం చీలింది. లోపల ఇంకా పొగలు కక్కుతున్న గుప్పెడు బూడిద, తెగిన రుద్రాక్షలు తప్ప ఏమీ లేవు. మంత్రాలన్నీ నేర్చినవాణ్ని మంత్రం కాని ఒక చిన్నమాట మసి చేసింది.

వాన ధారలుగా దిగింది. కరెంటు వచ్చింది. పైన ఫ్యాన్లు తిరగడం, ఎవరో సారు పాఠం అందుకోవడం వినిపించాయి.

షట్టర్ గరగరమంటూ పైకి లేచింది. బిందు. ఎస్.ఆర్. నగర్ ఆఫీసునుంచి తడుస్తూ వచ్చింది. అమావాస్య పూట తండ్రి ముద్ద ముట్టకుండా ఇక్కడే పడి ఉంటాడని ఆమెకు తెలుసు. చేతిలో టిఫిన్ డబ్బా. లోపలికి చూసి అలాగే నిలబడిపోయింది. బూడిద, పగిలిన ఎముక, ముక్కలు ముక్కలైన రాకాసి, దాని మధ్య చతికిలబడి బాపు.

"బాపూ! ఏమైంది? గిదెవరు చింపిన్రు?"

ఓదెలు తల ఎత్తాడు. మంగవ్వ చితి ముందు నిలబడ్డప్పుడు గాని, దినాల నాడు చుట్టాలంతా మీద పడి ఏడ్చినప్పుడు గాని, ఈ ఏడాది పొడుగునా గాని, ఆ తండ్రి నోట బిందు వినని మాట ఒకటుంది.

"మీ అమ్మ పోయింది బిడ్డా" అన్నాడు.

 బిందు డబ్బా కింద పెట్టి, ఆ బూడిదలోనే ఆయన పక్కన కూర్చుని, తడిసిన చున్నీతో మొహం తుడిచింది.

"అవును బాపూ" అంది. "పోయింది."

తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని, ఆ రోజే చావు జరిగిన ఇంట్లోవాళ్లలా, గొంతెత్తి ఏడ్చారు.